రఫ్‌లో లేచిన నాయనమ్మ క్లీన్‌లో ఎందుకు లేవట్లేదు?

బెజవాడ_బొమ్మలు
మూడు వారాలుగా ఒకే షాట్ మీద కూర్చున్నాను. నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంటుంది. కుడిచెయ్యి మోకాలి మీద ఆన్చి లేస్తుంది, లేచాక గుమ్మం వైపు తల తిప్పుతుంది. మొత్తం 4 సెకన్లు, 96 ఫ్రేములు. కీ బొమ్మలు, అంటే కదలికలో ముఖ్యమైన భంగిమలు, 9. రఫ్, అంటే గజిబిజి గీతల తొలి బొమ్మలు, ఆడించి చూస్తే ఆవిడ బరువు తెలుస్తోంది, మోకాలి నొప్పి కూడా తెలుస్తోంది. మా అమ్మ చూసి "అచ్చం మీ నాయనమ్మేరా" అంది. దాన్నే క్లీన్ చేసి, అంటే ఒక్కో శుభ్రమైన గీతగా దిద్ది, మధ్య బొమ్మలు గీసి ఆడిస్తే అట్టబొమ్మకి దారం కట్టి పైకి లాగినట్టుంది. ఒక్క గీత కూడా రఫ్ నుంచి పక్కకి పోలేదు, అంత జాగ్రత్తగా దిద్దాను. జపాన్‌లో కీ యానిమేటర్లు రఫ్‌కీ క్లీన్‌కీ మధ్య ఏం చేస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది, ఈ నెలాఖరుకి పోర్ట్‌ఫోలియో పంపాలి.

టాబ్లెట్_తమ్ముడు
స్టెబిలైజర్ (చెయ్యి వణుకు సర్దే సెట్టింగ్) ఎంత పెట్టావ్ బ్రో? ఎక్కువైతే గీత జారిపోయినట్టు వస్తుంది. బ్రష్ మార్చి చూడు.

బెజవాడ_బొమ్మలు
స్టెబిలైజర్ పూర్తిగా తీసేసి కూడా చూశా. బ్రష్‌లు నాలుగు మార్చా. అదే అట్టబొమ్మ.

లైట్‌బాక్స్_లత
బ్రష్ తప్పు కాదు. నేను టోక్యోలో ఒక చిన్న స్టూడియోలో మూడేళ్ళు దోగా చేశాను, అంటే కీల మధ్య బొమ్మలు గీసే పని. "ఒక్క గీత కూడా పక్కకి పోలేదు" అన్నావు చూడు, నాకు ముందు అనుమానం అక్కడే వచ్చింది. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

స్టోరీబోర్డులో నీ షాట్ అరచేతిలో పట్టేంత గడిలో ఉంటుంది. డైరెక్టరుతో మీటింగ్ అయ్యాక కీ యానిమేటర్ దాన్ని లేఅవుట్‌గా పెంచుతాడు. కెమెరా ఫ్రేము, కంటి ఎత్తు గీత, నేల ఎక్కడ, పాత్ర ఆ నేల మీద ఎక్కడ, కెమెరా జరిగితే ఎక్కణ్ణించి ఎక్కడికి, ఇవన్నీ ఆ కాగితం మీద తేలిపోవాలి. ఈ రోజుల్లో దానితో పాటే కదలిక రఫ్ కూడా ఇచ్చేస్తారు. దీన్ని మొదటి కీ అంటారు.

ఆ కట్ట ముందు ఎపిసోడ్ డైరెక్టరు దగ్గరికి వెళ్తుంది, ఆ తర్వాత సక్కాన్ దగ్గరికి. సక్కాన్ అంటే యానిమేషన్ డైరెక్టర్. ఆయన నీ బొమ్మని చెరపడు. దాని మీద పల్చటి రంగు కాగితం వేసి తన బొమ్మ గీస్తాడు. ఒక్కో స్థాయి వాళ్ళకి ఒక్కో రంగు కాగితం, కాబట్టి కట్ట చూడగానే ఎవరు ఎక్కడ చెయ్యి పెట్టారో తెలిసిపోతుంది. కొన్నిసార్లు కళ్ళు, ముక్కు మాత్రమే దిద్ది మిగతాది వదిలేస్తారు. కొన్నిసార్లు అడుగున నీది ఏమీ మిగలదు.

ఇప్పుడు రెండో కీ. నీ రఫ్, పైన వాళ్ళ దిద్దుబాట్లు, అన్నిటినీ కలిపి ఒక్క శుభ్రమైన బొమ్మగా మళ్ళీ గీయాలి. మళ్ళీ గీయాలి అంటున్నాను, అచ్చు దించడం కాదు.

ఇంకో సంగతి. అలా తయారైన కీ బొమ్మ కూడా తెర మీదకి రాదు. దాని మీద కొత్త కాగితం వేసి దోగా మనిషి ఇంకోసారి దిద్దుతాడు, స్కానర్‌కి వెళ్ళేది ఆ గీతే. కీ మీద ఎరుపు గీత ఉంటే వెలుగు పడే చోటు, నీలం గీత నీడ హద్దు. పక్కన ఒక నిలువు గీత మీద చిన్న చిన్న అడ్డగీతలుంటాయి, మధ్య బొమ్మలు ఎంతెంత దూరంలో రావాలో చెప్పడానికి. దాన్ని చార్టు అంటారు. అంటే నువ్వు ప్రాణం పెట్టి క్లీన్ చేస్తున్న కాగితం, నీ తర్వాత కూర్చునే మనిషికి రాస్తున్న ఉత్తరం అనుకో. గీత ఎంత నున్నగా ఉందో వాడికి అక్కర్లేదు. మోచెయ్యి ఎక్కడ మొదలైందో, చీర ఏ ఎముక మీంచి జారుతోందో వాడికి అర్థం కావాలి.

మిర్చిబజ్జీ_24
కీ యానిమేటర్ గీసింది తెర మీదకి రాదా!! ఇన్నాళ్ళూ పాజ్ చేసి మరీ గీతలు చూస్తున్నానే.

లైట్‌బాక్స్_లత
@మిర్చిబజ్జీ_24 నువ్వు చూసింది దోగా వాళ్ళ చెయ్యి. వాళ్ళ పేర్లు క్రెడిట్స్‌లో చివర్లో చాలా వేగంగా పోతాయి. ఈసారి అక్కడ కూడా పాజ్ చెయ్యి.

సకుగా_పిచ్చి
@లైట్‌బాక్స్_లత అక్క చెప్పిందంతా కరెక్టే. కానీ ఈ మొదటి కీ, రెండో కీ అని పని విడగొట్టడం గత ఇరవై ఏళ్ళలోనే బాగా పెరిగింది. అంతకుముందు లేఅవుట్ గీసినవాడికే అది దిద్దుబాట్లతో తిరిగొచ్చేది, క్లీన్ కూడా తనే చేసేవాడు. ఇప్పుడు టైం చాలక మొదటివాడు ఇంకో కట్‌కి, అంటే ఇంకో షాట్‌కి, వెళ్ళిపోతాడు, రెండోవాడు అతని మనసులో ఏముందో ఊహించుకుని గీస్తాడు. ప్రాణం పోయేది అక్కడే.

లేఅవుట్ గురించి కూడా ఒక మాట. 1974లో హైడీ సీరియల్‌కి మొత్తం 52 ఎపిసోడ్ల లేఅవుట్లూ మియజాకి హయావో ఒక్కడే చూశాడు, డైరెక్టరు తకాహాతా ఇసావో. వారానికో ఎపిసోడ్ చొప్పున ఏడాది పాటు! ఆల్ప్స్ కొండవాలు, తాతగారి గుడిసె, మేకల దారి, ఏ ఎపిసోడ్‌లో చూసినా అది అదే ఊరు అనిపిస్తుందంటే కారణం అదే.

ఉప్పల్_ఫ్రేమ్స్
ప్రాణం రెండోవాడే తీస్తాడన్న మాట నేను ఒప్పుకోను. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఐదేళ్ళు క్లీనప్ చేశాను, బయటి దేశాల సీరియల్స్‌కి. మాకు కట్ వచ్చేది, ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలవాలో చెప్పే టైమింగ్ షీట్ వచ్చేది కాదు. అడిగితే "గీత నీట్‌గా ఉంటే చాలు" అనేవాళ్ళు. బొమ్మకి ఇంత అని లెక్క, ఆడించి చూసుకునే టైం కూడా ఇచ్చేవాళ్ళు కాదు. పేకముక్కల్లా విడివిడిగా బొమ్మలిచ్చి కదలిక పోగొట్టారు అంటే ఎలా?

ఇక @బెజవాడ_బొమ్మలు, కటువుగా ఉంటే ఏమనుకోకు. రఫ్ ఎప్పుడూ అసలు కంటే బాగున్నట్టే కనిపిస్తుంది. ఒక మోకాలికి అయిదు గీతలుంటాయి, చూసే కన్ను అందులో తనకి నచ్చినది ఏరుకుంటుంది. క్లీన్‌లో నువ్వు ఒక్క గీతే ఉంచాలి. నీ రఫ్‌లో ఆవిడ నిజంగా లేచిందో, మన కన్ను లేపిందో ముందు చూసుకో.

బెజవాడ_బొమ్మలు
కొంచెం బాధేసింది కానీ అబద్ధం అనలేను. ఎలా చూసుకోవాలి?

ఉప్పల్_ఫ్రేమ్స్
9 రఫ్ కీల్లోనూ మోకాలి చిప్ప ఎక్కడుందో ఒక్క ఎర్ర చుక్క పెట్టు. తుంటికి ఒకటి, మణికట్టుకి ఒకటి. బొమ్మలు ఆపేసి చుక్కలే ఆడించు. తర్వాత క్లీన్ కీల మీద కూడా అదే పని చెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

కాళహస్తి_కలం
నాకు యానిమేషన్ తెలీదు, మా అబ్బాయి చూస్తుంటాడని ఈ పేజీ తెరిచాను. మాది కలంకారి పని. రఫ్, క్లీన్ అన్న గొడవ మాకూ ఉంది కాబట్టి రాస్తున్నాను.

కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ముందు చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీసుకుంటాం. తర్వాత వెదురు కలంతో కసిమి నల్లగీత. కసిమి అంటే ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన నలుపు. గుడ్డ మీద పడిందంటే మళ్ళీ చెరగదు. కొత్తగా వచ్చిన పిల్లలు బొగ్గు గీత మీదే కలం నడపాలని చూస్తారు. చెయ్యి వణుకుతుంది, గీత ముక్కలు ముక్కలుగా వస్తుంది. మా నాన్న బొగ్గు గీతని ఒకసారి చూసి, గుడ్డతో సగం దులిపేసి, భుజం నుంచి ఒక్క ఊపున లాగేవాడు. బొగ్గుకి బియ్యపుగింజంత పక్కగా వచ్చేది, కానీ రాముడి చెయ్యి విల్లు పట్టుకున్నట్టే ఉండేది. ఈ బెజవాడ అబ్బాయి బొగ్గు మీద నడుస్తున్నాడనిపించింది.

లైట్‌బాక్స్_లత
@కాళహస్తి_కలం బాబాయ్, మా సీనియర్ నాకు సరిగ్గా ఇదే మాట చెప్పింది, బొగ్గు లేదంతే. రఫ్ కాగితం తీసి పక్కన పెట్టి, కీ బొమ్మ మనసులోంచి ఒకసారి గీయమనేది. తర్వాతే రఫ్ మీద పెట్టి ఎక్కడ తప్పిందో చూసుకోమనేది.

కానీ ఒక తేడా ఉంది. బియ్యపుగింజంత పక్కకి పోతే మాకు కొన్ని చోట్ల కుదరదు. లేఅవుట్ ఓకే అయిన రోజే దాంట్లో బ్యాక్‌గ్రౌండ్ భాగం విడిగా ఆర్ట్ వాళ్ళకి వెళ్ళిపోతుంది. అక్కడ అరుగు రంగుల్లో తయారవుతూ ఉంటుంది, ఇక్కడ నాయనమ్మ క్లీన్ అవుతూ ఉంటుంది. ఆవిడ పాదం అటూ ఇటూ జరిగితే చివర్లో రెండూ కలిపినప్పుడు గాల్లో నిలబడుతుంది. అందుకే పాత్ర బ్యాక్‌గ్రౌండ్‌ని తాకే చోట ఒక రంగు గీత గీసి "ఇది జరపొద్దు" అని గుర్తు పెడతాం. పాదం, అరుగు మీద ఆనిన చీర అంచు కదలకూడదు. మిగతా ఒళ్ళంతా నీ ఇష్టం.

టాబ్లెట్_తమ్ముడు
కలంకారి సార్ చెప్పింది చదివి నా ఒళ్ళు పులకరించింది. కానీ మాకు అన్‌డూ ఉంది కదా, భుజం నుంచి గీయాల్సిన అవసరం ఏముంది? ఇప్పుడు జపాన్‌లో కూడా క్లిప్ స్టూడియో, టీవీపెయింట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో కీలు గీసేవాళ్ళు చాలామంది.

ఉప్పల్_ఫ్రేమ్స్
అన్‌డూ వల్ల గీత బాగుపడుతుంది, బొమ్మ కాదు. నాలుగు రెట్లు జూమ్ చేసి చిటికెనవేలు దిద్దుతుంటే మిగతా మనిషి స్క్రీన్ బయట ఉంటుంది. @బెజవాడ_బొమ్మలు, జూమ్ ఎంతలో పని చేశావు?

బెజవాడ_బొమ్మలు
400.

ఉప్పల్_ఫ్రేమ్స్
చూశావా.

సకుగా_పిచ్చి
నేను మొదటి మాట మీదే ఉన్నాను. క్లీన్ తగ్గించి రఫ్ గీతనే తెర మీదకి తెచ్చినవాళ్ళు అద్భుతాలు చేశారు. 2013లో తకాహాతా తీసిన కగుయా రాకుమారి సినిమాలో ఆ పిల్ల విందు వదిలేసి పరుగెత్తే సీన్ చూడండి, గీతలే చిరిగిపోతున్నట్టు ఉంటాయి. హషిమోతో షింజీ గీశాడు. 2023లో మియజాకి సినిమా మొదట్లో కుర్రాడు మంటల్లోంచి పరుగెత్తేది ఓహిరా షిన్యా చెయ్యి. మనుషుల మొహాలు కరిగిపోతుంటాయి. అదే సీన్ నున్నగా దిద్ది ఉంటే ఆ వేడి మనకి తగిలేదా?

ఇసో మిత్సువో అయితే ఇంకో దారి పట్టాడు. మధ్య బొమ్మలు వేరేవాళ్ళ చేతికి ఇవ్వకుండా అన్నీ కీలుగా తనే గీసేవాడు. 1997 ఎవాంజెలియన్ సినిమాలో ఎర్ర రోబో ఒంటరిగా పోరాడే సీన్‌లో ఆ బరువు అలా వచ్చిందే.

లైట్‌బాక్స్_లత
అవి నాకూ ప్రాణం. కానీ అవి ఏళ్ళు పట్టిన సినిమాలు. టీవీ ఎపిసోడ్‌లో సుమారు 300 కట్లు, పదుల మంది చేతులు. ఒక్కొక్కరి రఫ్ అలాగే వదిలేస్తే హీరోయిన్ మొహం కట్‌కో రకంగా ఉంటుంది. యానిమేషన్ డైరెక్టర్ అన్న పదవి పుట్టిందే అందుకు. 1963లో తోయే స్టూడియో వాళ్ళ సినిమాకి మోరి యాసుజీ ఆ పని చేశాడు, అందరి బొమ్మలూ ఒకరే దిద్ది మొహం ఒకేలా ఉంచడం. పైగా గీత తెగితే రంగు వేసేవాళ్ళు ఏడుస్తారు. స్కాన్ చేసిన గీత నలుపా తెలుపా రెండే అవుతుంది. చిన్న సందు ఉన్నా రంగు బయటికి కారిపోతుంది. కగుయాలో ఆ తెగిన గీతల వెనక ఎంతమంది అదనపు చాకిరీ ఉందో అది కూడా చెప్పు.

సకుగా_పిచ్చి
ఆ చాకిరీ మాట ఒప్పుకుంటాను. మొహాల సంగతి కూడా. కదలిక విషయంలో మాత్రం ఒప్పుకోను 🙂

మిర్చిబజ్జీ_24
మధ్యలో ఒక డౌటు. 2025లో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు డబ్బింగ్‌లో థియేటర్‌కి వెళ్ళి చూశాం. ఫైట్లు అదిరాయి. కానీ నోరు మాటకి సరిగ్గా కలవదు ఎందుకు? డబ్బింగ్ తప్పా, బొమ్మ తప్పా?

లైట్‌బాక్స్_లత
ఎవరి తప్పూ కాదు. మామూలు మాటల సీన్లలో నోరు విడి పొర మీద ఉంటుంది. మూసింది, సగం తెరిచింది, తెరిచింది, మూడే బొమ్మలు. వాటినే మార్చి మార్చి వాడతారు. జపనీస్‌లో కూడా ప్రతి అక్షరానికి కలవదు.

మిర్చిబజ్జీ_24
మన "ళ్ళ", "క్ష్మి" అన్నీ మూడు నోళ్ళలో సర్దిన డబ్బింగ్ వాళ్ళకి దండం పెట్టాలి.

కాళహస్తి_కలం
మా అబ్బాయితో కలిసి 2025 జనవరిలో ఆ పాత జపాన్ రామాయణం తెలుగులో వచ్చినప్పుడు చూశాను. యుగో సాకో, మన రామ్ మోహన్ కలిసి చేసింది. 1992 నాటి బొమ్మలట. హనుమంతుడి తోక ఊగితే గీత ఎక్కడా బిగుసుకోలేదు. ఎవరు గీశారో గానీ మంచి చెయ్యి.

బెజవాడ_బొమ్మలు
@ఉప్పల్_ఫ్రేమ్స్ అన్నా, చుక్కలు పెట్టాను. రాత్రి రెండింటికి చూసి కూర్చుండిపోయా.

రఫ్‌లో మోకాలి చుక్క చక్కగా ఒక వంపులో ముందుకొచ్చి పైకి లేస్తోంది. క్లీన్‌లో 4వ కీ దగ్గర ముందుకి పోయి, 5లో వెనక్కి వచ్చి, 6లో మళ్ళీ ముందుకి పోతోంది. రఫ్ తీసి చూస్తే మోకాలికి మూడు గీతలున్నాయి. 4లో నేను బయటి గీత పట్టుకున్నా, 5లో లోపలి గీత. విడివిడిగా చూస్తే రెండూ అందంగానే ఉన్నాయి! అంటే రఫ్‌లో ఆవిడ నిజంగానే లేచింది, నేనే కూర్చోబెట్టేశాను.

ఉప్పల్_ఫ్రేమ్స్
అద్గదీ. నా మాట వెనక్కి తీసుకుంటున్నా, నీ రఫ్ మంచిదే. ఏ గీత పట్టుకోవాలన్నది ఒక్కో బొమ్మలో ఒక్కోలా తేల్చకు. రఫ్ గీత లావుగా ఉంటే దాని నడుమ పట్టుకో, 9 బొమ్మల్లోనూ అదే పద్ధతి. ఎప్పుడూ లోపలి గీతే పట్టుకుంటే మనిషి బక్కచిక్కిపోతుంది, అది ఇంకో రోగం.

లైట్‌బాక్స్_లత
సగం దొరికింది. ఇంకో సగం ఉందని నా అనుమానం. రఫ్ ఆడించినప్పుడు కీలు మాత్రమే ఆడించావా? మధ్య బొమ్మలు క్లీన్ అయ్యాకే గీశావా?

బెజవాడ_బొమ్మలు
అవును అక్కా. రఫ్‌లో కీలు ఒక్కొక్కటీ కాసేపు నిలబడి మారేవి. మధ్యవి తర్వాత గీశాను. 3కి 4కి మధ్య 12 ఫ్రేములు, రెండు ఫ్రేములకో బొమ్మ, కాబట్టి మధ్యలో 5. సమానంగా పంచాను.

లైట్‌బాక్స్_లత
సమానంగా! నీ దారం అక్కడుంది తమ్ముడూ.

3వ కీ అంటే చెయ్యి మోకాలి మీద ఆనింది, ఒళ్ళు ముందుకి వంగింది, తుంటి ఇంకా అరుగు మీదే ఉంది. 4 అంటే తుంటి లేచింది. రఫ్‌లో 3వ బొమ్మ 12 ఫ్రేములు అలా ఆగి, టక్కున 4 అయ్యేది. ఆ ఆగడంలో మీ అమ్మగారికి మోకాలి నొప్పి కనిపించింది. నువ్వు ఆ ఆగే చోటుని అయిదు సమాన ముక్కలు చేసి పంచేశావు. లిఫ్ట్ ఎక్కినట్టు లేస్తుంది మరి.

దీన్ని జపాన్‌లో తామె అంటారు, కదలడానికి ముందు కూడగట్టుకోవడం. చార్టు గీసేటప్పుడు అయిదింట్లో నాలుగు అడ్డగీతలు 3 పక్కనే గుంపుగా పెట్టు. ఆ నాలుగు బొమ్మల్లో తుంటి దాదాపు కదలదు. భుజం కొంచెం కిందికి దిగుతుంది, మోకాలి మీద వేళ్ళు నొక్కుకుని చీర కుచ్చెళ్ళ మీద ముడతలు పెరుగుతాయి, గడ్డం ముందుకొస్తుంది. అయిదోది మాత్రం దారి మధ్యలో. తర్వాత 4.

చార్టు గీయడం ఇంతవరకూ అలవాటు లేకపోతే ఇవాళే మొదలుపెట్టు. కీ నంబరు చుట్టూ సున్నా, తప్పనిసరిగా నువ్వే గీసి ఇవ్వాల్సిన మధ్య బొమ్మ చుట్టూ త్రికోణం, మిగతావి ఉత్త చుక్కలు. భుజం దిగే బొమ్మకి త్రికోణం పెట్టు. అది చుక్కగా వదిలితే నాలాంటి దోగా మనిషి 3కి 4కి నడుమ సరిగ్గా సగానికి గీసేస్తుంది. మాకు కాగితం మీద ఉన్నదే తెలుస్తుంది.

సకుగా_పిచ్చి
ఈ ఒక్క పోస్టు కోసం నేను ఎన్నేళ్ళ నుంచో వెతుకుతున్నాను. సేవ్ చేసుకున్నా.

ఉప్పల్_ఫ్రేమ్స్
మాకు ఆ షీటు, ఆ చార్టు పంపి ఉంటే మేమూ ఇలా చేసేవాళ్ళం. ఆ రోజుల్లో ఒక పిల్లి గోడ దూకే కట్ వచ్చింది. 11 బొమ్మలు, అన్నీ సమానంగా పంచాం. ఆ పిల్లి ఇప్పటికీ కళ్ళముందు తేలుతూనే ఉంటుంది.

టాబ్లెట్_తమ్ముడు
అక్కా, తల తిప్పడం కూడా ఇలాగేనా? నా షాట్లో అమ్మాయి తల తిప్పితే గుడ్లగూబలా ఉంది.

లైట్‌బాక్స్_లత
ముందు కళ్ళు వెళ్ళాలి, వెనక గడ్డం. మధ్య బొమ్మలో గడ్డం కొంచెం కిందికి దిగి వంపు తిరగాలి, తిన్నగా పోకూడదు. రెప్ప వాలితే ఇంకా మంచిది. వేరే పోస్టు పెట్టు, బొమ్మలు చూసి చెప్తా.

బెజవాడ_బొమ్మలు
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. జూమ్ 100 దాటలేదు. మోకాలి చుక్కలు, తుంటి చుక్కలు ముందు వేరే పొర మీద పెట్టుకుని, రఫ్ ఆపేసి, కీలు 3, 4, 5, 6 కొత్తగా గీశాను. కాళహస్తి బాబాయ్ చెప్పినట్టు వీపు గీత మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా ఒక్క ఊపున లాగాను. పదిహేడు సార్లు లాగితే ఒకటి కుదిరింది. చార్టు లత అక్క చెప్పినట్టే. భుజం దిగే బొమ్మకి త్రికోణం పెట్టి నేనే గీశాను.

ఆడించాను. చెయ్యి ఆనింది, ఆగింది, చీర నలిగింది, అప్పుడు లేచింది. మా అమ్మని పిలిచి ఏమీ చెప్పకుండా చూపించాను. చూస్తూ చూస్తూ తన మోకాలి మీద తనే చెయ్యి పెట్టుకుంది.

కాళహస్తి_కలం
పదిహేడు తక్కువే. బాగుంది నాయనా.

ఉప్పల్_ఫ్రేమ్స్
వీడియో చూశా. లేవడం సూపర్. 8వ కీలో ఎడమ పాదం అరుగు నీడలోంచి కొంచెం జరిగింది, ఒకసారి చూడు.

బెజవాడ_బొమ్మలు
నిజమే, రెండు పిక్సెళ్ళు. ఇప్పుడే సరిచేస్తున్నా.

లైట్‌బాక్స్_లత
పంపేటప్పుడు క్లీన్ బొమ్మలు మాత్రమే పంపకు. రఫ్, చార్టు, టైమింగ్ షీటు కూడా కట్టలో పెట్టు. నేనైతే ముందు షీటు తిరగేస్తాను.